మైనపు బెంటో

జపాన్ ఉత్తరాన కితాకామి నది పక్కన ఉన్న మా ఊరి స్టేషన్‌లో యోనే గొంతు ఎరగనివాళ్ళు లేరు. మొగుడు యుద్ధంలో పోయిన ఏడాదే ఆవిడ ఒనొదెరా వారి బెంటో కొట్లో చేరి, మెడకు చెక్క పళ్ళెం తగిలించుకుంది. బండి ఆగీ ఆగకముందే "బెంటో... బెంటో..." అంటూ కిటికీల వెంట పరుగు. బెంటో అంటే డబ్బాలో అన్నం, దాని మీద కాల్చిన చేప, పక్కన ఊరగాయ ముల్లంగి. చలికాలం కూలిపనులకు దక్షిణానికి పోయే ఉత్తరాది మగాళ్ళు కిటికీల్లోంచి చేతులు చాచేవారు. బండి కదిలినా యోనే వదిలేది కాదు, పక్కనే పరిగెత్తి రెండు చేతులా అందించేది. ఆకలితో చెయ్యి చాచినవాణ్ణి ఒక్కణ్ణి కూడా ఉత్తచేతులతో పంపలేదన్నదే ఆవిడ గర్వం. అంతకు మించి గర్వపడటానికి ఏం మిగిలింది గనక పాపం!

షిన్‌కాన్‌సెన్ అనే మెరుపువేగం రైలు టోక్యో వాళ్ళకు ఒలింపిక్స్ నాడే వచ్చింది. మా దాకా రావడానికి ఒక తరం పట్టింది. వరిపొలాల మీదుగా స్తంభాలు లేచాయి, కొండల్లో సొరంగాలు పడ్డాయి, ఊరంతా సంబరపడిపోయింది. యోనే మాత్రం ఒక్కటే అడిగింది.

"కిటికీలు తెరుచుకుంటాయా?"

పాత యజమాని పోయాక కొట్టు చూసుకుంటున్న కొడుకు షూజీ పకపకా నవ్వాడు. "ఆ వేగంలో కిటికీ తెరిస్తే బెంటోతో పాటు మీరూ ఎగిరిపోతారు పిన్నిగారూ."

"ఆగినప్పటి సంగతి అడుగుతున్నా బాబూ. ఆగుతుందిగా?"

"ఆగుతుంది, తెరుచుకోవు. పై ప్లాట్‌ఫారం మీద అద్దాల కొట్టు పెడుతున్నాం. అక్కడ అరుస్తూ తిరగడానికి వీల్లేదట."

"అరుపా? నాది అరుపా? ఆ అరుపు మీదే మీ నాన్నగారు మేడ కట్టారు!"

కిటికీ లేకపోతే తలుపు దగ్గరే అమ్ముతానని ఆవిడ నెలల తరబడి అతని ప్రాణం తోడేసింది. చివరికి షూజీ విసిగిపోయి, "సరే, మొదటి బండి వచ్చే రోజు పళ్ళెంతో మీరే నిలబడండి. చాలా?" అన్నాడు. యోనే గెలిచాననుకుంది. పిచ్చిది.

ఆ రోజు నీలిరంగు బట్టలు, ఎర్ర నడికట్టు, తలగుడ్డ, అన్నీ కొత్తవి ఇచ్చారు. పళ్ళెం మెడకు తగిలించుకోగానే బరువులో ఏదో తేడా కొట్టింది. మూత ఎత్తి చూస్తే మైనపు అన్నం, మైనపు చేప. హోటళ్ళ ముందు అద్దాల వెనక నమూనాకి పెడతారే, అవి.

"ఇదేంటి బాబూ?"

"అసలైనవి ఈ ఉక్కకు చెమర్చి ఫోటోలో బాగుండవు. పేపరువాళ్ళు వస్తున్నారు, మీరు నవ్వుతూ నిలబడితే చాలు."

"ఎవరైనా అడిగితే?"

"ఎవరడుగుతారండీ! కొట్టు ఉందిగా."

అప్పుడే ఆ పళ్ళెం తీసి అవతల పారేయాల్సింది. కానీ బ్యాండు మోగుతోంది, బడిపిల్లలు జెండాలు పట్టుకున్నారు, ఊరి పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు. మా వాళ్ళకు అదొక జబ్బు. పదిమందిలో ఎవరి ముఖమూ చిన్నబోకూడదని, మన ముఖానికి మనమే మసి పూసుకుంటాం. యోనే నవ్వుతూ నిలబడింది.

ఆకుపచ్చ చారతో తెల్లటి బండి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుందో లేదో, కొత్త కోటు తొడుక్కున్న ఒక మనిషి పరుగున దిగాడు. వెనక అతని భార్య.

"అక్కా! గుర్తుపట్టావా? చలికాలం వస్తే కిటికీలోంచి నీ బెంటో కొనేవాణ్ణి. నిరుటిదాకా ఈ లైను సొరంగాల్లోనే పనిచేశా. నేను తవ్విన దారిలో మా ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నా. అక్క బెంటోయే తినాలని పొద్దుట్నించి దీన్ని కూడా పస్తుంచా, రెండివ్వు!"

యోనే పళ్ళెం వెనక్కి లాక్కోబోయింది. అప్పటికే అతను ఒక డబ్బా తీసుకుని మూత ఎత్తాడు. మైనపు మెతుకులు మిలమిలా మెరిశాయి. బండి కదిలే గంట మోగింది. అతను మూత జాగ్రత్తగా సర్ది, డబ్బాను దాని చోట పెట్టి, నడుము వంచి నమస్కరించాడు.

"క్షమించక్కా. అమ్మేవి కావనుకోలేదు. మొరటు మనిషిని, తొందరపడ్డా."

కెమెరా టప్పుమంది. తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మళ్ళీ వంగారు. తప్పు చేసిందెవరు, క్షమాపణ చెప్పిందెవరు! కడుపు మాడ్చుకుని వచ్చినవాడు చెప్పాడు. సిగ్గుండాలి మాకు.

యోనే తిన్నగా పెద్దల దగ్గరికి నడిచింది. ఒక్కొక్కరి ముందు ఒక్కో డబ్బా పెట్టి మూతలు తీసింది.

"తినండి."

"పిన్నిగారూ! పెద్దలున్నారు, ఏంటిది?" అని షూజీ పళ్ళబిగువున గొణిగాడు.

"పెద్దలు కాబట్టే ముందు మీకు పెడుతున్నా. ఆకలని వచ్చినాయనకు ఇదే చూపించాను. మీరూ తిని ఎలా ఉందో చెప్పండి బాబూ."

తమాషా అనుకుని ఒకాయన నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. బ్యాండు కూడా ఆగింది. యోనే పళ్ళెం విప్పి షూజీ చేతుల్లో పడేసి మెట్లు దిగిపోయింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఆ మనిషి నడుము వంచి నమస్కరిస్తున్నాడు, ఎదురుగా యోనే. కింద ఏం రాశారో తెలుసా? "మా ఊరి ఆతిథ్యానికి తొలి ప్రయాణికుడి కృతజ్ఞత" అట! షూజీ దానికి పటం కట్టించి అద్దాల కొట్లో వేలాడదీశాడు. తీసెయ్యమని యోనే మూడుసార్లు వెళ్ళి అడిగింది. తియ్యలేదు.

ఆ తర్వాత ఆవిడ పనిలోకి రాలేదు. కూలీలు ఇళ్ళకు మళ్ళే వసంతకాలంలో మాత్రం ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని పైకి ఎక్కేది. గుడ్డలో రెండు వేడి బెంటోలు, సొంతంగా వండినవి. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ముఖాలు వెతికేది. ఒకసారి స్టేషన్ ఉద్యోగి వచ్చి, "అమ్మకూడదు బామ్మగారూ" అన్నాడు.

"అమ్మట్లేదు నాయనా. పెడదామని వచ్చా."

"ఎవరికండీ?"

"పేరు తెలీదు. ఈ సొరంగాలు తవ్వినాయనకి."

అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "బండి వస్తోంది, గీత వెనక్కి జరగండి."

యోనే గీత వెనక్కి జరిగి, రెండు చేతులా డబ్బాలు పట్టుకుని నిలబడింది.