అడుగు కట్ట

ఉదయం పదకొండూ పదికి పోస్టుమాను ఇచ్చిన కార్డును మావ ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. అందులో దాగినదేమీ లేదు. టెక్కలిలో పదో తరగతి గైడ్లు వేసే ఒక ప్రచురణకర్త, ప్రూఫులు దిద్దే పని గురించి మాట్లాడటానికి శుక్రవారం రమ్మని రాశాడు. దరఖాస్తు పెట్టింది నేనే. డిగ్రీ అయ్యాక నాకు చెయ్యాలనిపించిన పని అదొక్కటే.

"నీ మీద ఆడికేటి అంత పేమ?" అన్నాడు మావ. "సూడనైనా సూడనేదు. రమ్మనీసినాడు."

"దరకాస్తు సూసి పిలిసినాడు మావా."

"కాయితం మీద అందరూ మంచోలే."

మావ మా అమ్మకు తమ్ముడు. నాన్న లేని మా ఇంట్లో అవునన్నా కాదన్నా ఆయన మాటే. పలాసలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ తరఫున ఉద్దానం ఊళ్లు తిరిగి జీడిపిక్కలు కొనేవాడు. బస్తా విప్పితే పైన కనపడే పిక్కల వంక చూసేవాడు కాదు. భుజందాకా చెయ్యి దింపి, అడుగు నుంచి గుప్పెడు తీసి, కోసి చూసేవాడు. పుచ్చూ తేమా అడుగునే ఉంటాయని ఆయన నమ్మకం. మనుషుల సంగతీ అంతే అనుకునేవాడు.

శుక్రవారం నాతో తానూ బయల్దేరాడు. టెక్కలిలో ఆ ప్రచురణకర్త ఇంటి ముందుగదే ఆఫీసు. బల్ల, రెండు కుర్చీలు, అద్దాల బీరువాలో రంగు అట్టల గైడ్లు. ఆయన వయసులో మావ కంటే పెద్ద. మాస్టారిలా మాట్లాడాడు.

"ప్రూఫులు ఎప్పుడైనా చూశావా అమ్మా?"

నేను నోరు విప్పేలోగా మావ అందుకున్నాడు. "పిల్ల సంగతి తరవాత బాబూ. ముందు మీ సరుకు సూపించండి."

ఆయన బీరువా వైపు చెయ్యి చూపించాడు.

"అద్దాల్లోది కాదు. అడుగుది."

పక్క గదిలో పుస్తకాల కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మావ ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్లాడు. పై కట్టలు దించి, నేలకు ఆనుకున్న కట్ట లాగాడు.

"అవి ఇంకా కొట్లకు వెళ్లలేదు. విప్పకండి," అన్నాడాయన. "ఇదేం జీడి బస్తా కాదండీ."

"మరీ మంచిది. కొయ్యక్కర్నేదు, ఇప్పితే సాలు." మావ జేబులోంచి పిక్కలు కోసే చాకు తీసి పురికొస తెంపేశాడు.

ఆయన ముఖం మారిపోయింది. అంతకు ముందు ఏడాది ఎవరో కొనేవాళ్లలా వచ్చి, ఆయన ఎంపిక చేసిన ప్రశ్నలు చూసుకుపోయి, ముందుగా తమ గైడు వేసుకున్నారట. ఈ సంగతి నాకు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మిమ్మల్ని ఎవరు పంపించారు?" అని అడిగాడు.

"ఎవులు పంపుతారు? మా అక్క పంపింది." మావ అడుగు పుస్తకం నా చేతిలో పెట్టాడు. "సదువు."

వాళ్లిద్దరూ ఒకరినొకరు కనిపెడుతూ నిలబడ్డారు. నేను చదవడం మొదలుపెట్టాను. మూడు ఫారాలు, అంటే నలభై ఎనిమిది పేజీలు, సరిగానే ఉన్నాయి. ఆ తర్వాత నలభై తొమ్మిది ఉండాల్సిన చోట మళ్లీ ముప్పై మూడు వచ్చింది. బైండింగులో ఒక ఫారం రెండుసార్లు పడి, తర్వాతిది తప్పిపోయింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మావ నా ముఖం చూసి పట్టేస్తాడు. ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

"ఏటయింది?" అన్నాడు మావ.

చెప్పాను.

ప్రచురణకర్త పుస్తకం లాక్కుని చూశాడు. కింద కూర్చుని తనే రెండో కట్ట, మూడో కట్ట విప్పాడు. కొన్నింట్లో అదే తప్పు. ఆ మధ్యాహ్నం బస్సులో అవి కోటబొమ్మాళి వెళ్లాల్సినవి.

"అడుగు పుచ్చీసింది. పద, ఎల్దాం," అన్నాడు మావ.

ప్రచురణకర్త తలెత్తలేదు. "అమ్మాయిని సోమవారం నుంచి పంపండి."

"తప్పు సెప్పినోలికి పనిచ్చీవోడు ఎక్కడైనా ఉంటాడేటి?" మావకు అనుమానం ఇంకా పెరిగింది. నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు.

తిరుగు బస్సు నందిగాం దాటింది. నేను ఆశ వదులుకున్నాను. అప్పుడు మావ అడిగాడు.

"నువ్వు సెప్పినాక ఆ పుస్తకం దాసీడానికి సూసినాడా?"

"నేదు మావా."

"మిగతా కట్టలు తనే ఇప్పినాడు కదూ?"

"తనే."

"అయితే ఎల్లు. కానీ నమ్మీకు."

అలా నాకు ఉద్యోగం వచ్చింది. ప్రూఫు చూడటమంటే బాగా చదవడం అనుకుని చేరాను. బాగున్న వాక్యాన్ని కూడా నమ్మకుండా చదవడమని చేరాక తెలిసింది. ఆ చదువు మా ఇంట్లో నాకు అప్పటికే అయింది. బైండింగు నుంచి ఏ పుస్తకం వచ్చినా అడుగు కట్ట విప్పి, ఒక కాపీ మొదటి నుంచి చివరిదాకా చూశాకే కొట్లకు పంపేవాళ్లం. పిక్కలు కొనడానికి అటు వచ్చినప్పుడు మావ చెప్పకుండా దిగేవాడు. నన్ను పలకరించక ముందే గోదాములోకి తొంగిచూసేవాడు. "ఏటి మాస్టారూ, అడుగేలాగున్నాది?" అనేవాడు. "మీ మేనకోడల్నే అడగండి," అనేవాడాయన. వాళ్లు చివరిదాకా ఒకరినొకరు పూర్తిగా నమ్మలేదు. టీ మాత్రం కలిసే తాగేవారు.

కొన్నేళ్లకు, మా ఉద్దానంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బుతోనే మావ పోయాడు. దినం కార్డు నన్నే రాయమన్నారు. పేరు, ఊరు, భోజనాల రోజు రాశాను. పైన పద్యం పెట్టమన్నారు. పెట్టలేదు. కార్డులు అచ్చయి వచ్చాక కట్ట విప్పి, అడుగున ఉన్నది తీసి చదివాను. తప్పు లేదు. ఇంకోసారి చదివాను.

తర్వాత ప్రచురణ మాస్టారి కొడుకుల చేతికి వచ్చింది. పుస్తకాలు బయట అచ్చయి, ప్లాస్టిక్ చుట్టుకుని నేరుగా కొట్లకు వెళ్లిపోతాయి. అడుగు కట్ట ఇప్పుడెవరూ విప్పరు.