దుప్పటి కింద తొక్కుడు

దర్జీ పెద్దాయనది ఊరి బడిలో మూడో తరగతి చదువు. అయినా మనిషిని చూపుతోనే కొలిచి, బెత్తెడు గుడ్డ వృథా కాకుండా కత్తిరించేవాడు. నలభై రెండేళ్ళు ఒకే కుట్టుమిషను తొక్కాడు. ఒక్కరోజులో పదహారు చొక్కాలు కుట్టాడు. "ఇంకెవడైనా కుడితే నా కత్తెర ఇచ్చేస్తా" అనేవాడు. ఆ కత్తెర ఆయన దగ్గరే ఉండిపోయింది.

గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం ఉబ్బిందని ఆపరేషన్ చేశారు. డాక్టరు ముందే చెప్పాడు: "వెన్నుపాముకు రక్తం తగ్గితే కాళ్ళు పడిపోవచ్చు. గంటగంటకూ అడుగుతాం. ఉన్నదున్నట్టు చెప్పాలి."

"నా కాళ్ళ సంగతి నాకొకరు చెప్పాలా?" అని నవ్వాడాయన.

మర్నాడు పొద్దున రెండు కాళ్ళూ ఎత్తి చూపించాడు. మధ్యాహ్నం నర్సు మందు మారుస్తూ తల దగ్గర నుంచే అడిగింది.

"తాతగారూ, కాళ్ళు ఆడుతున్నాయా?"

"ఆడుతున్నాయమ్మా. కోటు చెయ్యి కుడుతున్నా, మాట్లాడించకు."

హాస్యమనుకుని ఆమె నవ్వి, 'బాగున్నాయి' అని రాసుకుంది. ఆయన హాస్యమాడలేదు. అరికాళ్ళ కింద మిషను ఇనుప పెడలు చల్లగా తగులుతోంది, ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

కాసేపటికి భార్య వచ్చింది. అన్నేళ్ళూ ఆయన పక్కనే కూర్చుని గుండీలు కుట్టిన మనిషి.

"ఏం చేస్తున్నారు?"

"కనబడట్లేదటే? తొక్కుతున్నా."

ఆమె దుప్పటి వైపు చూసింది.

"ఆపండి."

"ఆపాను."

"ఇప్పుడు తొక్కండి."

"తొక్కుతున్నా."

దుప్పటి అప్పుడూ ఇప్పుడూ ఒక్కలాగే ఉంది. ఆమె దాన్ని పైకెత్తి, జాకెట్టు అంచున గుచ్చుకున్న సూది తీసి ఆయన అరికాల్లో పొడిచింది. నెత్తురు చుక్క పైకొచ్చింది.

"అక్కడేం వెతుకుతున్నావే?" అన్నాడాయన.

ఆమె కేకకు డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. రక్తపోటు పెంచారు, వెన్నులోంచి గొట్టంతో నీరు తీశారు. సాయంత్రానికి కుడికాలి బొటనవేలు కదిలింది. ఆ తర్వాత ఇంకేదీ కదలలేదు. "ఇంకాస్త ముందు తెలిస్తే..." అన్నాడు డాక్టరు.

ఇప్పుడు ఇంట్లో మిషను చక్రం కూతురు చేత్తో తిప్పుతుంది, గుడ్డ ఆయన నడుపుతాడు. కుట్టు ఇప్పటికీ గీత గీసినట్టే ఉంటుంది. పని ముగిసి కూతురు చెయ్యి తీసేసినా, ఆయన కాళ్ళకు మాత్రం పెడలు ఊగుతూనే ఉంటుంది.

అప్పుడు భార్యను పిలుస్తాడు.

"ఏమే, ఒకసారి కిందకి చూసి చెప్పు. ఆగాయా?"

"ఆగే ఉన్నాయండీ."

"సరిగ్గా చూశావా?"