ప్రొఫెసరమ్మ కారు స్ప్రింగులు

అరవై దాటాక బైరాగికి పొద్దున్నే మంచం దిగడమే పెద్ద పనైపోయింది. ముందు ఎడమ చేయి ఆనించి, నడుము మెల్లగా తిప్పి, కాళ్లు కిందికి జార్చి కాసేపు అలాగే కూర్చునేవాడు. అప్పటికే భార్య అప్పలకొండమ్మ వీధులు ఊడ్చే డ్యూటీకి వెళ్లిపోయి ఉండేది. ఖిదిర్‌పూర్‌లో వాళ్లుండే ఒంటిగది క్వార్టరు ఆమె ఉద్యోగం మీద వచ్చిందే.

ముప్పై నాలుగేళ్లు లారీల కింద పడుకుని బతికినవాడు బైరాగి. తండ్రి టెక్కలి వైపు నుంచి బెంగాలులోని బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లుకు వచ్చాడు. కొడుకు మిల్లులోకి పోలేదు; మిల్లు సరుకు మోసే లారీల షెడ్డులో చేరి కమాన్ల పని పట్టుకున్నాడు. లారీ బరువంతా మోసే ఇనప పట్టీల కట్టే కమాను. సుత్తితో కొట్టి ఆ మోతను బట్టి ఏ పట్టీ విరగబోతుందో చెప్పేవాడు. షెడ్డులో ఆ మాటకు తిరుగు లేదు.

ఆ ధీమాయే ఒకసారి కొంప ముంచింది. 1981 వానాకాలంలో ఒక లోడు బండి తొందరలో ఉంటే, బైరాగి పైపైన రెండు దెబ్బలు వేసి "పోనీండి, బాగానే ఉన్నాది" అనేశాడు. బండి డైమండ్ హార్బర్ రోడ్డు ఎక్కేలోపే పెద్దపట్టీ విరిగి పక్కకు ఒరిగింది. వెనక నిలబడ్డ క్లీనరు సూరన్నకు మోకాలి కింద కాలు పోయింది. సూరన్న ఒక్క మాటా అనకుండా సోంపేట వెళ్లిపోయాడు. ఆ మాట అననందుకే బైరాగికి ఎక్కువ బాధ. అప్పటి నుంచి చెవిని నమ్మడం మానేశాడు. ఏ స్ప్రింగయినా బరువు పెట్టి, కొలిచి చూస్తే తప్ప మంచిదనేవాడు కాదు. అందుకు పని ఆలస్యమయ్యేది, యజమాని చేత మాటలు పడేవాడు.

పని మానేసిన రెండేళ్లకు, 1996 చలికాలంలో, జ్ఞానప్రసూన గారు వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. భర్తకు డ్రైవింగు రాదు. ఇంట్లో కారు ఆవిడదే. ఇంగ్లండులో 1957లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పైకప్పు గుడ్డది. ఎప్పుడో ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర అది ఆగిపోతే, దారిన పోతున్న బైరాగి తెలుగు మాట విని ఆగి బాగుచేశాడు. ఆ పరిచయం.

"బైరాగీ, ఇక నా వల్ల కావడం లేదు," అన్నారావిడ గుమ్మంలోనే. "గుంటలో పడితే మెడ దాకా తగులుతోంది. మణికట్లు వాచిపోతున్నాయి. షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. నా పాత విద్యార్థి ఒకడు ఇంగ్లండు నుంచి కొత్త సెట్టు పంపించాడు, స్ప్రింగులతో సహా. మీరు బిగిస్తే చాలు."

అప్పలకొండమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, చీపురు గోడకు ఆనిస్తూ మొగుడి వంక చూసింది. "ఒద్దయ్యా. ఒంగితే లెగనేవు. ఏటి నీకీ పని?"

బైరాగికీ ఒద్దనే ఉంది. కానీ కారు వాకిట్లోనే నిలబడి ఉంది. కళ్లు ఊరుకోలేదు. ముందు మడ్‌గార్డు మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కాడు. అది కిందికి దిగనే లేదు, బండ మీద చేతులు పెట్టినట్టుంది. అతికష్టం మీద నేలకు వంగి ముందు చక్రం వెనక ఏముందో చూశాడు. స్ప్రింగు పైకొస గ్యాస్ మంటతో కోసినట్టు గరుకుగా ఉంది.

"అమ్మగోరూ, షాకర్లు కారుతున్నాయి, నిజమే. రోగం మాత్రం అది కాదు. ఎవులో పెద్ద కారు స్ప్రింగులు ఓ సుట్టు కోసి ఇందులో పెట్టేసినారు. అంత బరువు కారుకి సేసిన స్ప్రింగు ఈ పిట్టకేల వొంగుద్ది?"

"సరే, కొత్తవి ఉన్నాయిగా."

ఎర్ర రంగు వేసిన ఆ కొత్త స్ప్రింగులను బైరాగి చేత్తో ఎత్తి చూశాడు. తీగ లావుగా ఉంది. షాకర్లేమో పొడుగు గొట్టాల రకం; పెట్టాలంటే చాసిస్‌కు కొత్త పలకలు వెల్డింగు చెయ్యాలి.

"ఇవి పందేలకి సేసినవండి. నున్నటి రోడ్డు మీద మూల తిరగడానికి పనికొస్తాయి. మన ట్రాము పట్టాల మీద మీ నడుం ఇరగ్గొడతాయి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. "వాడు అంత దూరం నుంచి పంపించాడు, బైరాగీ. చూడకుండానే పనికిరావంటే ఎలా?"

చూడకుండానే అన్న మాట బైరాగికి సూటిగా తగిలింది. "కొలిసే సెప్తానండి," అన్నాడు.

మర్నాడు మల్లిక్ బజారు వెళ్లాడు. పాత కార్ల సామాన్లన్నీ చివరికి చేరేది అక్కడికే. తెలిసిన కొట్టు ముసలాయన ఒక ఇనప గుట్ట చూపించి, "దాదా, నువ్వే ఏరుకో, నాకు కళ్లు ఆనవు," అన్నాడు. బైరాగి రెండు గంటలు ఆ గుట్ట ముందు కూర్చున్నాడు. చుట్టలు లెక్కపెట్టి, తీగ మందం చూసి, ఈ కారుకు సరిపడేలా, ఒకేలా కనిపించిన నాలుగు ఏరాడు. ఆ నాలుగూ గోనెసంచిలో వేసుకుని రోడ్డెక్కేసరికి పెద్ద ఊరేగింపు అడ్డం వచ్చింది. ఎర్రజెండాల వెనక ఎర్రజెండాలు. బస్సులన్నీ నిలిచిపోయాయి. అరగంట చూసి సంచి భుజానికెత్తుకుని నడక మొదలుపెట్టాడు. ప్రతి మలుపులోనూ దించి, భుజం మార్చి, మళ్లీ ఎత్తుకున్నాడు. ఒక కుర్రాడు నినాదం మధ్యలో ఆగి, "సంచిలో ఏముంది, కాకా?" అని బెంగాలీలో అడిగితే, తల ఊపి ముందుకు నడిచాడు. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అప్పలకొండమ్మ వేడినీళ్ల గుడ్డతో భుజానికి కాపడం పెట్టింది.

ఆ రాత్రి నడుం నొప్పికి నిద్రపట్టలేదు. ఆ తర్వాత రెండు రాత్రులూ అంతే.

నాలుగో రోజు ఓడల డాక్ దగ్గర వెంకటేశు పాత ఇనప కొట్లో తూకం పెట్టారు. వెంకటేశు బైరాగి వాళ్ల ఊరివాడే. అతని దగ్గర ఇరవై కిలోల తూకం రాళ్లు ఉన్నాయి. బైరాగి నేల మీద ఒక గొట్టం నిలబెట్టి, దానికి స్ప్రింగు తొడిగి, పైన పలక పెట్టాడు. వెంకటేశు ఒక్కో రాయి ఎత్తి పెడుతుంటే, బైరాగి ఉక్కు స్కేలుతో ఎత్తు కొలిచి అంకె చెబుతున్నాడు. జ్ఞానప్రసూన గారు మొదట మొహం ముడుచుకునే స్టూలు మీద కూర్చున్నారు. మూడో రాయి పెట్టేసరికి సంచీలోంచి కాగితం తీశారు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, బైరాగి చెప్పిన అంకెలకు చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు.

ఎర్ర స్ప్రింగు అయిదు రాళ్లకు అంగుళంపావు దిగింది. మల్లిక్ బజారువి రెండంగుళాల పైన దిగాయి. నాలుగింటిలో రెండు అచ్చంగా ఒకేలా దిగాయి. మూడోది ఎక్కువగా కుంగిపోయింది, నాలుగోది ఒక పక్కకు వంగింది.

ఆవిడ చుక్కల్ని కలుపుతూ గీత గీశారు. "ముప్పై ఏళ్లు పిల్లలకు ఈ పాఠమే చెప్పాను, బైరాగీ. బరువు, సాగుడు, సరళరేఖ. నా కారు స్ప్రింగును మాత్రం ఎప్పుడూ తూచి చూడలేదు."

"నాను పాఠం సదవనేదండి. ఓ మనిషి కాలు పోయినాక తూచడం నేర్సుకున్నాను," అన్నాడు బైరాగి. ఎవరి కాలో వెంకటేశుకు తెలుసు, అతను రాళ్లు సర్దుకుంటూ అటు తిరిగాడు.

"ఈ జతే పెట్టండి," అన్నారావిడ కాగితం మడుస్తూ. "వాడికి నేనే ఉత్తరం రాస్తాను."

షాకర్లు పాతవే ఉంచాలని బైరాగి నిర్ణయించాడు. విప్పి, కడిగి, సీళ్లు మార్చి, కొత్త ఆయిలు పోశాడు. ఆయిలు పలచనైతే బండి ఊగుతుంది, మరీ చిక్కనైతే మళ్లీ బిగుసుకుంటుంది. మూడు రకాలు కలిపి చూశాక గానీ షాకరుకున్న ఇనప చేయి అతను కోరినంత నిదానంగా కదల్లేదు.

క్వార్టరు వాకిట్లో స్ప్రింగులు బిగించిన రోజే అసలు కష్టం. స్ప్రింగు కూర్చునే అడుగు పలకను జాకీతో మెల్లగా పైకెత్తుతూ దాన్ని నొక్కాలి. కుడివైపుది సవ్యంగా కూర్చుంది. ఎడమవైపుది సగంలో ఉండగా బైరాగి చేతుల పట్టు సడలింది. పలక జారింది. స్ప్రింగు టప్పున ఎగిరి మడ్‌గార్డుకు తగిలి వీధిలో పడింది. ఒక్క జానెడు ఇటు వచ్చుంటే మొహానికే తగిలేది.

అతను నేల మీదే కూర్చుండిపోయాడు. చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. సూరన్నకు జరిగింది తనకు జరిగుంటే లెక్క సరిపోయేదేమో అనిపించింది. మరుక్షణమే, సరిపోదని కూడా తెలిసింది.

అప్పలకొండమ్మ వీధిలోకెళ్లి స్ప్రింగు తెచ్చి ముందు పెట్టింది. "నెగు. నాను పలక పట్టుకుంటాను, నువ్వు జాకీ తిప్పు. ఇయ్యాలతో సరి."

ఆమె చేతులు బలమైనవి. పలక కదల్లేదు. గంటలో పని అయిపోయింది.

మధ్యాహ్నం జ్ఞానప్రసూన గారు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. బైరాగి పక్క సీట్లోకి దిగాడు. అది ఎంత కిందికి ఉందంటే, దిగడానికి ఆవిడ భుజం పట్టుకోవాల్సి వచ్చింది. కారు ట్రాము పట్టాలు దాటింది. బైరాగి అలవాటుగా పళ్లు బిగించి, దెబ్బ కోసం కాచుకున్నాడు. ముందు చక్రాలు దిగాయి, లేచాయి, ఒక్కసారే ఊగి ఆగాయి. ఆవిడ నవ్వుతూ ఏదో అన్నారు. గాలికి అతనికి వినపడలేదు. కారు డాకుల గోడ పక్కనుంచి సాగింది. గుంటల మీదుగా, రాళ్లు లేచిన చోట్ల మీదుగా ఆవిడ కావాలనే పోనిచ్చారు.

ఒక చుట్టు తిరిగి క్వార్టరు ముందు ఆపి, "ఎలా ఉంది, బైరాగీ?" అని పక్కకు తిరిగారు. బైరాగి తల వెనక్కి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది.

అప్పలకొండమ్మ కంగారుగా పరుగెత్తుకొచ్చి, ముక్కు దగ్గర చేయి పెట్టి చూసి, ఊపిరి వదిలింది. "నిద్దరండి. వారం రోజులై సరిగ్గా కన్ను మూసింది నేదు. లేపీమంటారా?"

"వద్దు," అన్నారావిడ. ఇంజిను ఆపేసి, మణికట్లు ఒళ్లో పెట్టుకుని ఎండలో అలాగే కూర్చున్నారు.

అరగంట తర్వాత బైరాగి కళ్లు తెరిచాడు. సిగ్గుపడి తలుపు కోసం తడుముకున్నాడు. "ఎనక కమాన్లో కొంచిం కిర్రు ఉన్నాది అమ్మగోరూ," అన్నాడు. "గ్రీజు రాయించండి. నాను సేయనేను, ఎవులిసేతయినా పరవానేదు. పట్టీలు మాత్రం మార్సనీకండి, అవి మంచివి."