పునీత పావ్లోవారు

చర్చిలో శుక్రవారం పూజ ముగిసి కొవ్వొత్తులు ఆర్పిన వాసన రాగానే, బహ్రెయిన్ మహూజ్‌లో మా కింది ఫ్లాటు గుర్తొస్తుంది. కొడుకు ఉద్యోగం వల్ల అక్కడికి వచ్చిన ఇటలీ ముసలావిడ అందులో ఉండేది.

నాకప్పుడు ఏడేళ్ళు. ఆవిడ ప్రార్థన పుస్తకంలో ఒక కుర్రాడి ఫొటో కనబడింది. మా ఇంట్లో అలా దాచేది పునీతుల, అంటే సెయింట్ల, పటాలే. తీసి కళ్ళకద్దుకుని పేరడిగాను. "పావ్లో" అంది. ఆవిడ కళ్ళు నిండాయి.

ఆ సాయంత్రం మా ఇంటి జపంలో గట్టిగా అన్నాను: "పునీత పావ్లోవారా, మా కొరకు వేడుకొనండి!"

"అలాంటి పునీతుడు లేడే పిచ్చిదానా," అని అమ్మ నవ్వింది. మర్నాడు ఆవిడనే అడిగి వచ్చి, "ఆ పేరు మాత్రం వదలకమ్మా," అంది.

అప్పట్నుంచి ఆవిడ రోజూ మెట్లెక్కి జపానికి వచ్చేది. పావ్లో పేరు వినగానే లేచి వెళ్ళిపోయేది. నా గొంతు నచ్చలేదేమోనని అలిగేదాన్ని.

పెద్దయ్యాక అమ్మ చెప్పింది. పావ్లో ఆవిడ అన్న. ఫాసిస్టుల కాలంలో, క్రీస్తు కూలివాళ్ళ పక్షమేనంటూ మిల్లు కార్మికులను కూడగట్టిన క్యాథలిక్ యువకుల్లో ఒకడు. పోలీసులు పట్టుకెళ్ళి చంపేశారు. చనిపోయినవాళ్ళ పూజలో అతని పేరు చదవడానికి ఊరి ఫాదర్ భయపడ్డాడట.

అన్న పేరు ఒక ప్రార్థనలో వినడానికి ఆవిడ బహ్రెయిన్ దాకా, తనకు ఒక్క ముక్క రాని తెలుగు దాకా రావలసి వచ్చింది.