రోజెట్టాను చూసి నవ్విన మెల్వినా

ఆ నవల చదివి మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ నవ్వింది మెల్వినాయే. అందులో రోజెట్టా అనే పిచ్చిమాలోకం ఎవరో ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

మెల్వినా బతుకంతా చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసింది. చన్నీళ్ళకు వేళ్ళు వంకర్లు పోయినా ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చునేది. క్రిస్మస్ వేషాలకు ఊళ్ళో సగం మందికి బట్టలు ఆమే కుట్టేది. మా న్యూఫౌండ్‌లాండ్‌లో ఆ రోజుల్లో మగవాళ్ళు ఆడవేషాలు, ఆడవాళ్ళు మగవేషాలు వేసి, మొహాన గుడ్డ కప్పుకుని ఇంటింటికీ వెళ్ళేవారు. ఇంటివాళ్ళు పేరు సరిగ్గా చెబితేనే గుడ్డ తీయాలి. చెప్పలేకపోతే ఆ వచ్చినవాడు ఎవరూ కానట్టే.

మెల్వినా భర్త ఎల్డన్ ఏటా ఆమె కుట్టిన గౌను వేసుకుని గుంపుతో బయల్దేరి, ఆమె ప్రాణస్నేహితురాలు డల్సీ ఇంట్లో ఆగిపోయేవాడు. నడక చూసి అందరూ గుర్తుపట్టేవారు. పట్టి, కావాలనే తప్పు పేరు చెప్పేవారు. సరైన పేరు చెబితే గుడ్డ తీయాలి, తీస్తే డల్సీ ఇంట్లో ఆగిపోయింది ఎల్డనే అని తేలిపోతుంది, మర్నాడు మెల్వినాకు ఏదో ఒకటి చెప్పాలి కదా. దీన్ని మావాళ్ళు మంచితనం అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. నేను ఈ ఊరి కోడలినయ్యేసరికి వేషాలూ ఆగిపోయాయి, ఎల్డనూ పోయాడు. ఇదంతా నవల వచ్చాక మా అత్త నోట విన్నాను.

ఎల్డన్ పోయాక మెల్వినాకు మిగిలింది డల్సీ ఒక్కతే. ప్రతి ఆదివారం ఉప్పు గొడ్డుమాంసం, క్యాబేజీ ఉడికించుకుని ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినేవారు. ఆ డల్సీ ఎలాంటిదో తెలిస్తే ఆమెకు ఇంకెవరున్నారని నా భయం.

నవల రాసినావిడ రెండు వేసవులు ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని, ఇంటింటా టీ తాగి, చెప్పినవన్నీ చెవిన వేసుకుని పోయింది. పేర్లు మార్చింది, రంగులు మార్చింది, అంతే. చర్చి హాల్లో మా చదువరుల గుంపు ఆ పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి కూర్చుంది.

"ఈ రోజెట్టా ఎంత తింగరిదే బాబూ," అంది మెల్వినా. "తన చేత్తోనే గౌను కుట్టి మరీ మొగుణ్ణి స్నేహితురాలి కొంపకి సాగనంపుతుందా? మా ఎల్డన్ గుమ్మంలో దగ్గితే చాలు, ఏం వెధవ పని చేసొచ్చాడో నాకు తెలిసిపోయేది."

ఎవరూ నవ్వలేదు. "టీ చల్లారిపోతోంది, తాగండి," అంది మా అత్త.

"ఆ స్నేహితురాలు ఇంకా ఘోరం. దాన్ని చెప్పుతో కొట్టాలి. ఏమంటావే డల్సీ?"

డల్సీ మొహం కందగడ్డయింది. "రాసిందల్లా నమ్మేయడమేనా? దానికేం తెలుసని? పసుపు గౌనంట, పసుపు. అది నీలం ఫ్లానెల్ గుడ్డ, మెడకి లేసు..."

అక్కడ ఆగిపోయింది. నవలలో నీలం రంగు గౌను ఎక్కడా లేదు.

"నా పాత నైటీ చింపి కుట్టాను దాన్ని," అంది మెల్వినా నెమ్మదిగా. ఒక్కొక్కరి మొహమే చూసింది. "మీ అందరికీ తెలుసా?"

మా అత్త టీ కెటిల్ వైపు చూసింది. మిగతావాళ్ళు పుస్తకాల్లోకి చూశారు.

"అదెప్పటి మాటో మెల్వినా," అని డల్సీ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. మెల్వినా చెయ్యి లాక్కుంది.

"ఎల్డన్ సంగతి వదిలెయ్. వాడు పోయాడు, వాడితో పోట్లాడేదేముంది. వాణ్ణి పూడ్చిన రోజు నువ్వు నన్ను వాటేసుకుని నాకంటే ఎక్కువ ఏడ్చావు. నాకోసమే ఏడుస్తున్నావనుకుని, నా ఏడుపు దిగమింగుకుని నిన్ను ఓదార్చానే నేను."