మా పాప ఆటకు నా పుట్టిన తేదీ

మా పాప ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. చింతామణిలో మాది బట్టల అంగడి. అంగడి మా ఆయనకు అప్పజెప్పి ఉన్నపళంగా పోయినాను.

హెడ్ మిస్ రూములో మా పాప ఒక పక్క, తన క్లాసులోనే చదివే ఇంకో పాప ఇంకో పక్క నిలబడి ఉన్నారు. ఆ పాప కండ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. వాళ్ళమ్మ కుర్చీ అంచున కూచోని కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. పల్లె నుంచి బస్సెక్కి వచ్చిందంట.

ఖోఖో ఆడేటప్పుడు ఆ పాప తోసిందని మా పాప, "చంపేస్తా నిన్ను" అనిందంట. అనడమే తప్ప చెయ్యి కూడా ఎత్తలేదు. ఆ పాప మాత్రం బాత్రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకొని రెండు పీరియడ్లు బయటికి రాలేదు.

"మీ పాప మొబైల్లో కాల్చే ఆట ఆడతాదని క్లాసులో అందరూ చెప్తాండారు. అది పదహారేండ్లు నిండినోళ్ళకని రాసుండాది. మీకు తెలుసామ్మా?" అని హెడ్ మిస్ అడిగింది.

"మా పాప అట్లాంటివి ఆడదు మిస్" అన్నాను.

ఆడతాదని నాకు తెలుసు. ఆ ఆట ఎక్కించుకొనేటప్పుడు పుట్టిన తేదీ అడిగింది. పాప తన తేదీ వేస్తే ఒప్పుకోలేదు. అంగడి నిండా గిరాకీ. "నాది వేసుకో పో" అని నేనే చెప్పినాను. ఆ లెక్కన ఆ ఆటలో మా పాపకు నలభై ఒక్క ఏండ్లు.

మా పాప తలెత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకుంది.

స్కూటర్ మీద వస్తావుంటే వెనక నుంచి అడిగింది. "అమ్మా, అబద్ధం ఎందుకు చెప్తివి?"

"నీ కోసమే."

"నా కోసం కాదు. నిన్ను ఏమన్నా అంటారని."

నేను స్కూటర్ ఇంకొంచెం వేగంగా పోనిచ్చినాను.

ఇంటికొచ్చేసరికి సంగతి పేరెంట్స్ గ్రూపులోకి ఎక్కింది. ఈ ఆటలన్నీ గవర్నమెంటు బ్యాన్ చెయ్యాలని ఒకాయన రాసినాడు. మనం చిన్నప్పుడు సినిమాల్లో ఎన్ని కొట్లాటలు చూడలేదు, ఎవరన్నా హంతకులమయినామా అని ఇంకొకాయన. వయసు రాసుంటే చాలదు, చూసే పెద్దోళ్ళుండాలని ఒకామె. ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. మా ఆయన ఫోన్ తీసి బీరువాలో పెడతానన్నాడు. "ఒక్క అరగంట ఉండప్పా, ముందు నేను చూస్తాను" అన్నాను.

పాప పక్కన కూచొని ఆ ఆట మొదటిసారి చూసినాను. విమానంలో నుంచి దూకుతారు, ఇండ్లలో దూరి తుపాకులు ఏరుకుంటారు, కనపడినోళ్ళను కాలుస్తారు. చిక్కబళ్ళాపురంలో ఉండే మా చెల్లెలి కూతురు కూడా అదే ఆటలో ఉంది. "అక్కా, నా వెనక ఉండు, నేను చూసుకుంటా" అంటాది ఆ పిల్ల ఫోన్లో నుంచే. మధ్యమధ్యలో పరీక్షల గురించి అడుగుతాది. ఎవరన్నా పడిపోతే "చంపేసినా" అని ఇద్దరూ నవ్వుతారు. మనం గెలిచినామని చెప్పినంత తేలిగ్గా ఉంది ఆ మాట వాళ్ళ నోట్లో. అయినా అరగంట అయ్యేసరికి, ఊరికే చూస్తాండిన నాకే గుండె దడదడలాడింది. పదమూడేండ్ల పిల్లకు ఏమీ కాదని గట్టిగా చెప్పలేకపోయినాను. "ఇది నీకు ఇంకా వద్దు, నేను ఇచ్చిందే తప్పు" అన్నాను. పాప కొంచేపు ముఖం ముడుచుకొని, తానే ఆ ఆటను ఫోన్లోంచి తీసేసింది.

మర్నాడు పొద్దున్నే స్కూలుకు పోయి హెడ్ మిస్‌కు నిజం చెప్పినాను. "నిన్ననే అనుకున్నానమ్మా" అని, అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఆ పాపను వదిలిపెట్టడానికి వాళ్ళమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ఆమెకూ చెప్పి, మన్నించమన్నాను.

ఆమె నేల చూస్తా మెల్లిగా అనింది. "మీ పాపది తప్పేమీ లేదమ్మా. మా ఇంట్లో 'చంపేస్తా' అనే మాట ఆటకు అనరు. పాప నాయన తాగొస్తే కొడవలి చేతిలో పట్టుకొని అంటాడు. గొళ్ళెం పెట్టుకొనేది నా బిడ్డ ఇంట్లో నేర్చుకున్యాది."

ఆమె చెయ్యి పట్టుకొని మళ్ళీ హెడ్ మిస్ దగ్గరికే తీసుకుపోయినాను. బాగేపల్లిలో తన అన్న ఉన్నాడని, ఇన్నాళ్ళూ సిగ్గుపడి ఆయనకు చెప్పలేదని అప్పుడు చెప్పింది. ఫోన్ నంబరు మాత్రం నోటికొచ్చు. మధ్యాహ్నానికల్లా ఆయన వచ్చేసినాడు. చెల్లెల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. "పదమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు.

మా పాపకు ఎంత చెప్పాలో అంతే చెప్పినాను. రెండు రోజులు సరిగ్గా తినలేదు. తర్వాత బాగేపల్లికి పిలుచుకొని పొమ్మనింది. దసరా సెలవుల్లో పోయినాం. ఆ పాప అక్కడి స్కూల్లో చేరింది. వాళ్ళమ్మ మిషను కొనుక్కొని రవికెలు కుడుతోంది, మనిషి కొంచెం తేరుకుంది.

మా పాప దారి పొడుగునా ఏమేమో చెప్పాలని అనుకుంటా వచ్చింది. తీరా ఎదురుపడినాక, "నేను అట్లా అనకుండా ఉండాల్సింది" అని మాత్రం అనింది.

"నువ్వు అనింటే నాకు కోపమే వచ్చుండేది" అనింది ఆ పాప. "వినేటప్పుడు నువ్వు అనినట్లు లేదు, మా నాయన అనినట్లే ఉండింది."

అట్లా అని, గోరింటాకు కోసుకొద్దాం రమ్మని మా పాపను పెరట్లోకి తీసుకుపోయింది.