దేవరాజ్ సరిచేసిన జోలపాట

మడివాళ మార్కెట్ వెనక సందులో చిన్న రికార్డింగ్ స్టూడియో. శ్రుతి తప్పిన గొంతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, లాగి సరైన స్వరం మీద కూర్చోబెట్టడం అక్కడ దేవరాజ్ పని. భజనల క్యాసెట్ వేయించుకునే బట్టల వ్యాపారులకూ, మామగారిని మెప్పించాలనుకునే కొత్త అల్లుళ్ళకూ అతనే దిక్కు. పని కాగానే అసలు గొంతును చెరిపేస్తాడు. పాడినవాళ్ళు పొరపాటున అది విని నొచ్చుకోకూడదని అతని నియమం.

తను మాత్రం ఎన్నడూ పాడడు. చిన్నప్పుడు బడి ప్రార్థనలో పంతులు, "నువ్వు పెదాలు ఆడించు చాలప్పా" అన్నాడు. ఆడించడం అప్పుడే మొదలు, పాడడం అప్పుడే ఆఖరు.

2003లో భార్య అంబిక కాన్పు సెలవు అయిపోయింది. పాప మేఘనను మధ్యాహ్నాలు నిద్రపుచ్చే దేవరాజ్ అమ్మ కదిరమ్మేమో తన కూతురి కాన్పుకని ముళబాగిలు బయల్దేరింది. ఇక మధ్యాహ్నాలు పాపను నిద్రపుచ్చడం దేవరాజ్ వంతయింది.

"జోల పాడితే పండుకుంటాది, భయమెందుకప్పా?" అంది కదిరమ్మ.

"నాకు పాడేకి రాదు కదమ్మా! నువ్వు పాడిపో, రికార్డు చేసుకుంటా."

"నా గొంతు ఎవురికి కావాల? సుమ్నె, ఊరికే మిషన్ పాడైపోతాది" అంటూనే పాడింది.

‘రాగిముద్ద ఆరనీ’ అనే చోట వేడి ముద్ద మీద ఊదినట్టు ఆమె గొంతు పైనుంచి జారి, ఏ స్వరం మీదా నిలవకుండా పోతుంది. దేవరాజ్ చెయ్యి ఊరుకోలేదు. ఆ జారుడును మెట్లు మెట్లుగా సరిచేశాడు. గాజుల చప్పుడు తీసేశాడు, ఊపిరి తీసేశాడు. పాట అద్దంలా వచ్చింది. అలవాటు కొద్దీ అసలుదాన్ని చెరిపేశాడు.

సోమవారం మధ్యాహ్నం ఉయ్యాల పక్కన పాట పెట్టాడు. మేఘన స్పీకరు వైపు చూసింది, దాని వెనకాల అవ్వ కోసం వెతికింది. ‘ఆరనీ’ రాగానే మొహం ముడిచి గుక్కపట్టింది. శబ్దం తగ్గించాడు, స్పీకరు జరిపాడు, జ్వరమేమోనని థర్మామీటరు పెట్టాడు. జ్వరం లేదు, ఏడుపు ఆగలేదు. చెరిపిన పాట కోసం కంప్యూటరంతా గాలించాడు. లేదు.

ఇక గత్యంతరం లేక పిల్లను భుజాన వేసుకున్నాడు. ఎవరూ వినకుండా కిటికీ మూసి పాడాడు. ‘ఆరనీ’ దగ్గర అతని గొంతూ జారింది, అచ్చం తల్లి జారిన చోటే. మేఘన పిడికిలి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసింది.

సాయంత్రం కదిరమ్మ ఫోన్ చేసింది. "మిషన్ పాటకు పండుకుందా?"

"లేదమ్మా. నేనే పాడితి."

"నువ్వా! బిడ్డ బాగుండాదా?"

"బాగుండాది. ‘ఆరనీ’ కాడ జారిపోతి, అంతే."

"ఆడ జారకపోతే ముద్ద ఎట్ల ఆరుతాదప్పా?"

మర్నాడు దేవరాజ్ కిటికీ మూయడమే మరిచిపోయాడు. పాట కాగానే పక్కింటి ఓబులమ్మ గోడవతల నుంచి కేకేసింది. "దేవరాజప్పా, బిడ్డ పండుకుందా? మా ఇంటాయన ఎప్పుడో పండుకునేశాడు!"